కీమో రోజుల్లో పెరిగే షుగర్: అన్నం మానాలా, నడక పెంచాలా?

పాఠకురాలి లేఖ:

నా వయసు 54 ఏళ్లు. హన్మకొండలో ఉంటాం. ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. మార్చిలో ఎడమ రొమ్ములో క్యాన్సర్ అని తేలింది. ఏప్రిల్‌లో ఆపరేషన్ చేసి చంకలోని గడ్డలు కూడా తీశారు. నాలుగు విడతలు ఎర్ర మందు అనే కీమో ఎక్కించారు. ఇప్పుడు డోసిటాక్సెల్ అనే మరో కీమో మందు రెండు విడతలు అయింది, ఇంకా రెండు ఉన్నాయి. తర్వాత హార్మోన్ల గోలీలు వాడాలన్నారు. నాకు ఇంతకుముందు షుగర్ లేదు. ఆపరేషన్‌కు ముందు మూడు నెలల సగటు షుగర్ పరీక్షలో 6.2 వచ్చింది. డోసిటాక్సెల్ మొదలైనప్పటి నుంచి కీమోకు ముందురోజు సాయంత్రమే 240, కీమో రోజు రాత్రి 296 చూపిస్తోంది. పరగడుపున మాత్రం 112, 118 మించడం లేదు. డాక్టర్ గారు మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా వేసుకోమన్నారు. క్యాన్సర్‌కు చక్కెరే తిండి అని మా ఆడబిడ్డ గట్టిగా చెప్పడంతో అన్నం మానేసి మూడు వారాలుగా రాగిజావ, బత్తాయి రసం, కూరగాయలతోనే గడుపుతున్నాను. 78 కిలోల నుంచి 74కు తగ్గాను కానీ, కింద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవలేకపోతున్నాను. ఎడమ చేత్తో బరువు ఎత్తితే వాపు వస్తుందని ఇంట్లో చెంబు కూడా ముట్టనివ్వడం లేదు. నేను ఏం తినాలి? నడవవచ్చా? కీమోకు ముందురోజు నుంచి వేసుకోమన్న గోలీలే షుగర్ పెంచుతున్నాయేమో, వాటిని మానేయవచ్చా? మెట్‌ఫార్మిన్ క్యాన్సర్ మళ్లీ రాకుండా కూడా ఆపుతుందని మా అక్క కొడుకు అంటున్నాడు, నిజమేనా? ఈసారి బతుకమ్మ ఆడవచ్చా? వీటికి సమాధానం చెప్పగలరు.

సమాధానం:

మీరు రాసిన అంకెల్లోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది. కీమో ఎక్కించకముందే, ముందురోజు సాయంత్రమే షుగర్ 240కి చేరిందంటే దానికి కారణం కీమో మందు కాదు, ఆ రోజు ఉదయం నుంచి మీరు వేసుకోవడం మొదలుపెట్టిన డెక్సామెథాసోన్ గోలీలు. డోసిటాక్సెల్ ఇచ్చేటప్పుడు సాధారణంగా కీమోకు ముందురోజు, కీమో రోజు, మర్నాడు, ఇలా మూడు రోజులపాటు ఈ స్టెరాయిడ్‌ను ఇస్తారు. ఇది కాలేయం చేత ఎక్కువ గ్లూకోజును తయారు చేయిస్తుంది, కండరాలు ఇన్సులిన్ మాట వినకుండా చేస్తుంది. ఉదయం వేసుకున్న గోలీ ప్రభావం మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు, అందులోనూ తిన్న తర్వాత ఎక్కువగా కనిపిస్తుంది. రాత్రంతా ఏమీ తినకపోవడం వల్ల తెల్లారేసరికి అంకె దిగుతుంది. అందుకే చాలామంది పరగడుపు పరీక్ష ఒక్కటే చేయించుకుని అంతా బాగానే ఉందనుకుంటారు. మీరు సాయంత్రం కూడా చూసుకోవడం మంచి పని అయింది. చివరి గోలీ వేసుకున్న తర్వాత రెండు మూడు రోజుల్లో ఈ పెరుగుదల చాలామందిలో దానంతటదే తగ్గుతుంది.

ఆ గోలీలను మాత్రం మీ అంతట మీరు మానవద్దు. డోసిటాక్సెల్ ఎక్కేటప్పుడు వచ్చే తీవ్రమైన అలర్జీని, ఆ తర్వాత కాళ్లకు ఒంటికి నీరు పట్టడాన్ని అడ్డుకోవడానికే వాటిని ఇస్తున్నారు. షుగర్ పెరిగితే దానికి మందు ఉంది. కీమో ఎక్కుతుండగా అలర్జీతో రక్తపోటు పడిపోయి ఊపిరి అందకపోతే అది మరో స్థాయి ప్రమాదం. మీరు చేయవలసినదల్లా, ఈ షుగర్ అంకెలన్నీ ఒక నోటుపుస్తకంలో రాసి, దాన్ని తదుపరి కీమోకు ముందే మీ క్యాన్సర్ డాక్టర్‌కు చూపి, ఆ నాలుగైదు రోజులకు వేరే ఏర్పాటు కావాలా అని అడగడం. వారు మోతాదును సరిచేయవచ్చు, లేదా ఆ రోజుల వరకు ఉదయం పూట ఇన్సులిన్ ఇవ్వవచ్చు. ఇన్సులిన్ ఒకసారి మొదలుపెడితే ఇక జీవితాంతం తప్పదని మన దగ్గర బలమైన నమ్మకం ఉంది. స్టెరాయిడ్ వల్ల పెరిగిన షుగర్ విషయంలో అది అస్సలు నిజం కాదు. సాధారణంగా స్టెరాయిడ్ ఉన్నన్నాళ్లే ఇన్సులిన్ కూడా ఉంటుంది.

మీకు పూర్తిగా కొత్తగా వచ్చిన షుగర్ అని కూడా అనలేం. మూడు నెలల సగటు 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ వ్యాధికి ముందు దశ అంటారు, 6.5 నుంచి వ్యాధిగా లెక్కిస్తారు. ఆపరేషన్ నాటికే మీది 6.2. అంటే గడప దగ్గర నిలబడి ఉన్నారు, స్టెరాయిడ్ లోపలికి నెట్టింది. కీమో పూర్తయ్యాక మీరు మళ్లీ గడప బయటికి వచ్చే అవకాశం చాలా ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను. ప్రస్తుతానికి ఆ మూడు నెలల పరీక్షను నమ్ముకోవద్దు. కీమో వల్ల రక్తం తగ్గినప్పుడు, రక్తం ఎక్కించుకున్నప్పుడు ఆ అంకె తప్పుదారి పట్టిస్తుంది. వేలి నుంచి చూసుకునే షుగరే ఇప్పుడు మీకు ఆధారం. తినకముందు 80 నుంచి 130, తిన్న రెండు గంటలకు 180 లోపు అన్నది మామూలు లక్ష్యం. స్టెరాయిడ్ రోజుల్లో 200 దాటిన ప్రతిసారీ గుండె జారిపోనవసరం లేదు.

ఇక మీ ఆడబిడ్డ మాట. ఆమె ప్రేమతోనే చెప్పారు, ఆ మాటకు మూలం కూడా ఒకటి ఉంది. క్యాన్సర్ కణాలు మామూలు కణాల కన్నా ఎక్కువ గ్లూకోజును వాడుకుంటాయని జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్ 1920లలోనే గమనించారు. ఒంట్లో క్యాన్సర్ ఎక్కడుందో చూపే పెట్ స్కాన్ పని చేసేది కూడా ఈ ఆధారం మీదనే. కానీ అక్కడి నుంచి ‘అన్నం మానేస్తే క్యాన్సర్ మాడిపోతుంది’ అనే చోటికి దూకడంలోనే పొరపాటు జరుగుతోంది. మీరు ఒక్క మెతుకు తినకపోయినా మీ కాలేయం గ్లూకోజును తయారు చేస్తూనే ఉంటుంది, ఎందుకంటే మెదడుకు, ఎర్ర రక్తకణాలకు అది కావాలి. తిండిలో దొరకనప్పుడు దానికి ముడిసరుకు చాలావరకు మీ కండరాల నుంచే వస్తుంది. అంటే ఉపవాసం ఉన్నప్పుడు మీరు క్యాన్సర్‌ను కాదు, మీ తొడలను మాడుస్తున్నారు. ఆ నాలుగు కిలోలలో కొవ్వు ఎంతో కండ ఎంతో తూకపు యంత్రం చెప్పదు కానీ, కింద నుంచి చెయ్యి ఆనించకుండా లేవలేకపోతున్నానన్న మీ మాట చెబుతోంది. దానికి తోడు స్టెరాయిడ్లు కూడా ప్రత్యేకించి తొడల, తుంటి కండరాలనే బలహీనపరుస్తాయి. మీ లేఖలో నన్ను కలవరపెట్టింది 296 కాదు, ఈ ఒక్క వాక్యం.

కండ తగ్గడం షుగర్ విషయంలో కూడా నష్టమే. మనం తిన్న అన్నంలోని గ్లూకోజులో ఎక్కువ భాగాన్ని దాచుకునే గాదె కండరమే. గాదె చిన్నదైతే గింజలు బయటే ఉండిపోయినట్టు, అదే కప్పు అన్నానికి రక్తంలో అంకె ఇంకా పైకి పోతుంది. అందువల్ల మీకు నా సలహా మొత్తం ఒక దిక్కునే ఉంటుంది: వచ్చే రెండు విడతల కీమోను వాయిదా పడకుండా పూర్తి చేసేంత బలం ఉండాలి, కండ ఇంకా కరగకూడదు, షుగర్ ప్రమాదకరంగా పెరగకూడదు. బరువు తగ్గడం ఈ వరుసలో ఇప్పుడు లేదు.

మన దగ్గర పథ్యం అనగానే ఏవేవి మానాలో చెప్పేవారు పదిమంది ఉంటారు, ఏవి ఎంత తినాలో చెప్పేవారు ఒక్కరూ ఉండరు. మీరు మానినవాటి బదులు తీసుకుంటున్నవాటిని చూడండి. రాగులు మంచివే. కానీ మెత్తటి పిండిని ఉడికించి పల్చగా జావ చేసినప్పుడు అది నమలవలసిన పని లేకుండా గొంతు దిగి, త్వరగా గ్లూకోజుగా మారుతుంది. అందులో బెల్లం కలిపితే చెప్పనే అక్కరలేదు. మేడారంలో బెల్లాన్ని బంగారం అంటాం, అది భక్తికి సంబంధించిన మాట. షుగర్ మీటరుకు మాత్రం బెల్లమైనా చక్కెరైనా ఒకటే. బత్తాయి రసం ఇంకా తేలిగ్గా మోసం చేస్తుంది. మూడు నాలుగు కాయల తీపి ఒక గ్లాసులోకి వస్తుంది, పీచు జల్లెడలో ఉండిపోతుంది. రోగిని చూడటానికి వచ్చే ప్రతివారూ పండ్లో, మాల్టు పొడి డబ్బానో పట్టుకొస్తారు, తాగేదాకా కదలరు. ఆ డబ్బాలను మొహమాటం లేకుండా పిల్లలున్న ఇంటికి పంపించేయండి. బత్తాయిని ఒలిచి ఒక్క కాయ తినడానికి మీకు ఏ అభ్యంతరమూ లేదు.

అన్నం విషయానికి వస్తే, మానవద్దు, కొలవండి. మధ్యాహ్నం ఒక కప్పు ఉడికిన అన్నం, అంటే సుమారు 150 గ్రాములు, మీకు సరిపోతుంది. అందులో 40 గ్రాములకు కాస్త పైన పిండిపదార్థం ఉంటుంది. రాత్రికి జొన్నరొట్టె తినదలిస్తే ఒకటి చాలు. 50 గ్రాముల జొన్నపిండితో చేసిన ఒక్క రొట్టెలో దాదాపు 35 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది కనుక, అన్నం మానేశానన్న ధైర్యంతో మూడు రొట్టెలు తినేవారికి షుగర్ ఎందుకు తగ్గడం లేదో ఇక్కడే తెలిసిపోతుంది. మక్క గటక ఇష్టమైతే అదీ అంతే కొలతలో తినండి. తెలంగాణ సోనా బియ్యంలో గ్లైసిమిక్ సూచి, అంటే తిన్నాక షుగర్‌ను పెంచే వేగం, తక్కువ అని మన దుకాణాల్లో గట్టిగా చెబుతున్నారు. తక్కువ అన్నది నిజమే కానీ, రెండు కప్పులు తింటే ఆ ప్రయోజనం అక్కడితో ఆవిరి. ముందు కూర, పప్పు, గుడ్డు తిని, అన్నం చివరికి తింటే తిన్నాక పెరిగే షుగర్ కొంత తగ్గుతుందని చిన్న చిన్న అధ్యయనాల్లో కనిపించింది. పచ్చిపులుసు పోసుకుని అన్నంతోనే మొదలుపెట్టే అలవాటును ఈ రెండు నెలలు తిరగేయడం పెద్ద కష్టం కాదు.

మీరు పెంచవలసినది మాంసకృత్తులు. మీ బరువుకు, మీరు ఉన్న స్థితికి రోజుకు సుమారు 75 నుంచి 85 గ్రాములు కావాలి. కిడ్నీల పరీక్ష, క్రియాటినిన్, మామూలుగా ఉన్నవారికి చెబుతున్న లెక్క ఇది. ఇప్పుడు మీరు తింటున్నదానిలో అందులో సగం కూడా ఉండదని నా అంచనా. రెండు ఉడికించిన గుడ్లు 12 గ్రాములు ఇస్తాయి. రెండు పూటలా గట్టి పప్పు ఒక్కో కప్పు తింటే 18, ఒక కప్పు పెరుగు 6 లేదా 7, ఒక గ్లాసు పాలు 8, గుప్పెడు పల్లీలు 7. కోడికూరలో వంద గ్రాముల మెత్తటి ముక్కలు తింటే 25 గ్రాములకు పైనే. శనివారం నీచు ముట్టనంటారేమో, ఆ రోజు మీల్‌మేకర్ 30 గ్రాములు నానబెట్టి కూర చేసుకుంటే 15 గ్రాములు వస్తాయి. సోయా హార్మోన్ సంబంధిత రొమ్ము క్యాన్సర్‌కు మంచిది కాదన్న భయం చాలాకాలం ఉండేది. ఆహారంగా తినే మోతాదులో హాని చేయదని ఆ తర్వాతి అధ్యయనాలు తేల్చాయి. సోయా సారం గోలీలు మాత్రం వద్దు. నోరు పూసినప్పుడు, రుచి తెలియనప్పుడు పప్పుచారులో గుడ్డు కొట్టి పోసి బాగా ఉడికించుకుని తినడం, పెసరట్టును కాస్త మెత్తగా వేసుకోవడం వంటివి చేయవచ్చు. పుంటికూర పులుపు కొందరికి ఈ రోజుల్లో నోటికి రుచిగా ఉంటుంది, నోరు పూసినవారికి మాత్రం మంట.

కూరగాయలు ఎంత తింటే అంత మంచిదని మీరు వాటితోనే కడుపు నింపుకుంటున్నారు. అమెరికాలో 3,088 మంది రొమ్ము క్యాన్సర్ మహిళలపై చేసిన ఒక పెద్ద అధ్యయనం ఫలితం 2007లో వచ్చింది. సగం మందికి కూరగాయలు, పండ్లు, పీచు చాలా ఎక్కువగా, కొవ్వు చాలా తక్కువగా ఉండే ఆహారం ఇచ్చి ఏడేళ్లకు పైగా గమనించారు. క్యాన్సర్ తిరగబెట్టినవారు ఒక జట్టులో 16.7 శాతం, మరో జట్టులో 16.9 శాతం. అంటే తేడా లేదు. తోటకూర, బీరకాయ, అనపకాయ షుగర్‌కు, మలబద్ధకానికి మంచివి, తప్పక తినండి. వాటి మీద అంతకు మించిన బరువు పెట్టకండి. కీమో తర్వాత ఏడో రోజు నుంచి రెండో వారం దాకా తెల్లకణాలు పడిపోయి ఉంటాయి కనుక ఆ రోజుల్లో పచ్చి కూరగాయ ముక్కలు, బయట కోసి అమ్మే పండ్లు, చెరకు రసం, పానీపూరీ వద్దు. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే అర్ధరాత్రి అయినా ఆస్పత్రికి వెళ్లాలి. పారాసెటమాల్ వేసుకుని తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు.

నడక గురించి అడిగారు. నడవవచ్చా అని కాదు, నడవాలి. 2019లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ ఆధ్వర్యంలో నిపుణులు ఇచ్చిన సూచనల ప్రకారం క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు వారానికి మూడుసార్లు అరగంట చొప్పున చురుగ్గా నడవడం, రెండుసార్లు కండరాల వ్యాయామం చేయడం వల్ల నీరసం, దిగులు తగ్గుతాయి. నీరసంగా ఉంటే పడుకోవాలన్నది మనకు సహజంగా తోచే మాట. కీమో నీరసానికి మాత్రం పడక విరుగుడు కాదు, పడుకున్నకొద్దీ అది పెరుగుతుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చిన 2,987 మంది నర్సులను గమనించి 2005లో వెలువరించిన ఫలితాల్లో, వారానికి మూడు నుంచి ఐదు గంటలు మామూలు వేగంతో నడిచినవారిలో ఆ జబ్బుతో మరణాలు తక్కువగా కనిపించాయి. ఓపిక ఉన్నవారే ఎక్కువ నడిచి ఉండవచ్చు కాబట్టి దీన్ని పూర్తి రుజువుగా నేను చెప్పను. కానీ నడకకు ఖర్చు లేదు, మీ షుగర్‌కు ఆ రోజే లాభం కనిపిస్తుంది.

ఎలా కనిపిస్తుందంటే, కదులుతున్న కండరం ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే రక్తంలోని గ్లూకోజును లాక్కుంటుంది. స్టెరాయిడ్ మూసిన తలుపు పక్కనే ఉన్న కిటికీ ఇది. అందువల్ల పొద్దున్నే గంటసేపు నడిచి రోజంతా కూర్చోవడం కన్నా, మూడు పూటలా తిన్న తర్వాత పది పదిహేను నిమిషాలు నడవడం మీకు ఎక్కువ ఉపయోగం. స్టెరాయిడ్ రోజుల్లో మధ్యాహ్నం, రాత్రి తిన్నాక నడక మరీ ముఖ్యం. ఓపిక లేని రోజున ఇంట్లోనే వరండా చివరి నుంచి వంటింటి దాకా అయిదు నిమిషాలు చాలు. తెల్లకణాలు తగ్గిన వారంలో డాబా మీద నడవండి. కాస్త కోలుకున్న మూడో వారంలో పబ్లిక్ గార్డెన్‌కో, భద్రకాళి చెరువు కట్టకో వెళ్లండి. ఎండ తగ్గాక, పక్కన ఒకరిని తోడు తీసుకుని వెళ్లండి. మాట్లాడుతూ నడవగలగాలి, పాట పాడేంత తీరిక ఉండకూడదు, అదే సరైన వేగం. డోసిటాక్సెల్ వల్ల అరికాళ్లలో తిమ్మిర్లు, మొద్దుబారడం ఉంటే వెనక పట్టీ ఉన్న మెత్తటి చెప్పులు వేసుకోవాలి. ఇంట్లో కూడా ఉత్త కాళ్లతో తిరగకుండా, రాత్రి పడుకునే ముందు పాదాలను చూసుకోండి. మీరు తీసుకున్న ఎర్ర మందు కొందరిలో గుండెను దెబ్బతీస్తుంది కనుక, నడిచేటప్పుడు ఛాతీలో నొప్పి, కొత్తగా ఆయాసం, కాళ్లవాపు వస్తే నడక ఆపి గుండె పరీక్ష గురించి అడగాలి. హిమోగ్లోబిన్ 8 కన్నా తక్కువ ఉన్నా, జ్వరం ఉన్నా, వాంతులు విరేచనాలు అవుతున్నా ఆ రోజుకు వ్యాయామం లేదు.

కింద నుంచి లేవలేకపోవడానికి నడక ఒక్కటే సరిపోదు. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, లేచి నిలబడి మళ్లీ నెమ్మదిగా కూర్చోండి. మొదట అయిదుసార్లు, రోజుకు రెండు పూటలా. వారానికి ఒకటి రెండు పెంచుకుంటూ పన్నెండు దాకా పోండి. మొదట్లో కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకోవచ్చు. వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తడం దీనికి జత. టీచరుగా ఏళ్ల తరబడి నిలబడి పాఠం చెప్పిన కాళ్లు అంత త్వరగా మొండికేయవు.

చెంబు ముట్టనివ్వకపోవడం మాత్రం ఇంటివారి భయమే తప్ప వైద్యం కాదు. చంకలో గడ్డలు తీసినవారు ఆ చేత్తో బరువు ఎత్తకూడదని ఒకప్పుడు డాక్టర్లే చెప్పేవారు, కాబట్టి వారిని తప్పు పట్టలేం. అప్పటికే చెయ్యి వాచిన 141 మంది మహిళలపై అమెరికాలో చేసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి రెండుసార్లు క్రమపద్ధతిలో బరువులు ఎత్తించిన జట్టులో వాపు పెరగలేదు, లక్షణాలు తగ్గాయి, బలం పెరిగింది. క్రమపద్ధతిలో అన్న మాట గట్టిగా పట్టుకోండి. ముందు గోడ మీద వేళ్లతో పాకిస్తూ చెయ్యి చెవి దాకా పూర్తిగా లేస్తోందో లేదో చూసుకోండి. ఆ తర్వాత అరలీటరు నీళ్ల సీసా, అంటే అరకిలో, మోచేతి దగ్గర మడిచి ఎత్తడం, భుజం ఎత్తు దాకా పక్కకు చాచడం పదిసార్లు చొప్పున చేయండి. రెండు వారాలపాటు ఏ ఇబ్బందీ లేకపోతేనే బరువు కొద్దిగా పెంచాలి. నిన్నటిదాకా చెంబు ముట్టని చెయ్యి ఈరోజు నిండు బిందె ఎత్తకూడదు. వాపును కనిపెట్టడానికి టేపు అక్కరలేదు. ఎడమ చేతి గాజులు కిందికి జారడం లేదన్నా, ఆ వైపు రవిక చెయ్యి బిగుతైందన్నా, చెయ్యి బరువుగా తోచినా వ్యాయామం ఆపి ఫిజియోథెరపిస్టుకు చూపండి. షుగర్ కోసం వేలికి గుచ్చేది, బీపీ చూసేది కుడి చేతికే చేయించుకోండి.

మెట్‌ఫార్మిన్ గురించి మీ అక్క కొడుకు చెప్పినది ఒకప్పుడు చాలామంది శాస్త్రవేత్తలు కూడా ఆశించిందే. అందుకే షుగర్ లేని 3,649 మంది రొమ్ము క్యాన్సర్ రోగులపై కెనడా నాయకత్వంలో నాలుగు దేశాల్లో పరీక్షించారు. 2022లో వచ్చిన ఫలితం ప్రకారం, అయిదేళ్లు మెట్‌ఫార్మిన్ వాడినా క్యాన్సర్ తిరగబెట్టడంలో తేడా రాలేదు. మీకు దానిని ఇచ్చింది షుగర్ కోసం, ఆ పనికి అది మంచి మందు. క్యాన్సర్ కోసమని మోతాదు పెంచుకోవద్దు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గిన రోజున వేసుకోకుండా డాక్టర్‌కు ఫోన్ చేయండి. మందు వేసే సిటీ స్కాన్ ఉంటే ముందే చెప్పండి. షుగర్ వరుసగా రెండుసార్లు 300 దాటినా, దాహం, మాటిమాటికి మూత్రం, మగత వచ్చినా మర్నాటికి ఆగవద్దు.

కీమో అయ్యాక మూడు నెలలకు, రక్తం కోలుకున్నాక, మూడు నెలల సగటు పరీక్ష మళ్లీ చేయించండి. అప్పుడు బరువు గురించి ఆలోచిద్దాం. షుగర్‌కు ముందు దశలో ఉన్న 3,234 మందిపై అమెరికాలో జరిగి 2002లో వెలువడిన అధ్యయనంలో, బరువును 7 శాతం తగ్గించుకోవడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో షుగర్ వ్యాధి రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ వాడినవారిలో 31 శాతమే. మీ విషయంలో 7 శాతం అంటే అయిదు కిలోలు, అదీ ఏడాది మీద. హార్మోన్ల గోలీల్లో లెట్రోజోల్ వంటివి ఇస్తే ఎముకలు పలచబడతాయి, పొద్దున లేవగానే కీళ్లు పట్టేస్తాయి. కుర్చీ వ్యాయామం, నడక అప్పుడూ పనికి వస్తాయి కనుక కీమో అయిపోగానే వాటిని ఆపేయకండి.

చివరగా బతుకమ్మ. ఆడవచ్చు, కానీ మీ కీమో తేదీని బట్టి రోజును ఎంచుకోవాలి. ఎంగిలిపూల నాటికి కీమో అయి ఏడెనిమిది రోజులే అయితే వేయిస్తంభాల గుడి దగ్గరి ఆ రద్దీలోకి వెళ్లవద్దు. ఇంటి ముందు వాకిట్లో మీవాళ్లతో ఆడుకోండి. సద్దుల నాటికి మూడో వారంలో ఉంటే, తెల్లకణాల పరీక్ష బాగుంటే, పద్మాక్షి గుండానికి వెళ్లవచ్చు. తంగేడు, గునుగు కోయడం, కట్టడం ఈ ఏడు వేరేవాళ్లకు వదిలేయండి, లేదా చేతికి తొడుగు వేసుకుని చేయండి, ఎడమ చేతికి పుల్ల గీరుకున్నా చీము పట్టి చెయ్యంతా వాచే ప్రమాదం ఉంది. బతుకమ్మను నెత్తిన మోయడం కోడలికో బిడ్డకో ఇవ్వండి. చప్పట్లు కొడుతూ వలయంలో తిరగడం మీ భుజానికి, కాళ్లకు, షుగర్‌కు కూడా మంచి వ్యాయామమే, రెండు పాటలు ఆడి ఒక పాట కూర్చోండి. సద్దుల్లో నువ్వుల సద్ది, పెరుగు సద్ది గుప్పెడు చొప్పున తినండి, ఇంట్లో ఆ పూట చేసి, ఎండలో గంటల తరబడి ఉంచనివైతేనే. మలీద రుచికి చిటికెడు చాలు. తిన్నాక అక్కడే కూర్చోకుండా కొంతదూరం నడిచి ఇంటికి బయలుదేరండి. రెండు గంటలకు కుడి చేతి వేలి నుంచి షుగర్ చూసి ఆ అంకెను కూడా నోటుపుస్తకంలో రాసి, తర్వాతి కీమోకు వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి.